మధ్యాహ్న భోజనం: తూకంలో తేలేదెంత?

మీ ఊరి ప్రాథమిక పాఠశాల ముందు నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర వేళ ఎప్పుడైనా నడిచి వెళ్ళారా? గంట కొట్టీ కొట్టకముందే పళ్ళేల చప్పుడు మొదలవుతుంది. కుళాయి దగ్గర తోపులాట, వరండాలో బారుగా కూర్చున్న పిల్లలు, పెద్ద గిన్నెలోంచి గరిటెతో అన్నం, పప్పుచారు వడ్డించే వంటమనిషి. దేశమంతటా పని రోజుల్లో ఇదే దృశ్యం. ప్రపంచంలో ఇంతకంటె పెద్ద బడి భోజన పథకం మరొకటి లేదు.

దీనివల్ల పిల్లలకు ఒరిగిందేమిటని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. పిల్లలు బడికి వస్తున్నారు, బరువు పెరిగారు, చదువు బాగుపడింది అని పథకాన్ని మెచ్చేవారు శాతాలతో సహా చెబుతారు. బడిని సత్రం చేశారు, పంతుళ్ళకు పాఠం పోయి పప్పు మిగిలింది అని విసుక్కునేవారు అంటారు. రెండు పక్షాల వారినీ ‘ఈ సంగతి మీకెలా తెలిసింది?’ అని అడిగితే మాత్రం మాట తడబడుతుంది. ఈ వ్యాసంలో విమర్శకు పెడుతున్నది పథకాన్ని కాదు, దాని ఫలితాలను తూచిన తీరును.

ముందుగా నా పొరపాటొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక గ్రామంలో బడిపిల్లల బరువులు తూచే బృందంతో నేనూ వెళ్ళాను. ఆ ఉదయం సగం మందిని తూచేసరికి భోజనం గంట కొట్టారు. మిగతా సగాన్ని తిన్న తర్వాత తూచాం. మూడో తరగతి పిల్లవాడొకడు సరదాకి రెండోసారి వరుసలో నిలబడ్డాడు. గంటన్నరలో వాడు ముప్పాతిక కిలో పెరిగాడు! అందులో కొంత అన్నం, కొంత నీళ్ళు, మిగిలింది జేబులో గోళీలు. ఆ రోజు మేము రాసుకున్న సగటుకు విలువెంతో మీరే చెప్పండి.

మా పొరపాటు చిన్నది. ఇదే పొరపాటు ఇరవై వేల మంది పిల్లల మీద, ఎంతో ఖర్చుతో జరిగిన సందర్భం ఒకటుంది. 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైర్ జిల్లాలో 67 పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. పదివేల మంది పిల్లలకు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రోజూ ముప్పావు పింటు, అంటే సుమారు 425 మిల్లీలీటర్ల పాలు ఇచ్చారు. వారిలో సగం మందికి పచ్చిపాలు, సగం మందికి పాశ్చరైజు చేసినవి. మరో పదివేల మందికి పాలు లేవు. ప్రయోగం మొదట్లోనూ చివర్లోనూ అందరి ఎత్తూ బరువూ కొలిచారు. పాలు తాగినవారు ఎక్కువ పెరిగారని తేల్చారు. వినడానికి ఇంతకంటె మంచి ప్రయోగం ఉంటుందా?

మరుసటి ఏడాది ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఒక గణాంక శాస్త్రజ్ఞుడు దాన్ని తీసి పరిశీలించాడు. ఆయన అసలు పేరు విలియం సీలీ గాసెట్. గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. కంపెనీ నిబంధనల వల్ల సొంత పేరుతో రాయలేకపోయేవాడు. ఆయనకు దొరికిన లోపం చాలా మానవీయమైనది. పాలు ఎవరికివ్వాలో కొన్ని బళ్ళలో చీటీలు తీసి, కొన్నింటిలో పేర్ల అక్షరక్రమంలో నిర్ణయించారు. కాని ఒక గుంపులో బలమైన పిల్లలో బలహీనులో మరీ ఎక్కువగా పడ్డారనిపిస్తే కొందరిని అటూ ఇటూ మార్చే స్వేచ్ఛ ఉపాధ్యాయులకు ఇచ్చారు. ఎముకలు తేలిన పిల్లవాణ్ణి పాలు లేని వరుసలో కూర్చోబెట్టడానికి ఏ పంతులమ్మకు మనసొప్పుతుంది? తెలిసో తెలియకో పేద పిల్లలు పాల గుంపులోకి, కాస్త కలిగిన పిల్లలు రెండో గుంపులోకి చేరారు. ప్రయోగం మొదలయ్యేసరికే పాలు లేని గుంపు బరువులో సుమారు మూడు నెలల పెరుగుదలంత, ఎత్తులో నాలుగు నెలల పెరుగుదలంత ముందుంది.

ఇంకో తమాషా చూడండి. పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఫిబ్రవరిలో చలి, జూన్‌లో ఎండ. కలిగిన ఇంటి పిల్లవాడు చలికాలంలో ఉన్ని బట్టలు, ఎండాకాలంలో పలచటి బట్టలు వేసుకుని వచ్చాడు. పేదవాడికి రెండు కాలాలకూ ఒకటే జత. కలిగినవాడి పెరుగుదలలోంచి ఉన్నికోటు బరువు తీసివేతకు గురైంది, పేదవాడి లెక్కలో ఆ తీసివేత లేదు. పేదలు ఎక్కువగా ఉన్నది పాల గుంపులో కనుక పాలకు రావలసిన దానికంటె ఎక్కువ పేరు వచ్చింది. ఇంత హంగామా చేసే బదులు యాభై జతల కవల పిల్లల్ని తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పాలిచ్చి చూసినా ఇంతకంటె నికరమైన జవాబు దొరికేదని గాసెట్ అన్నాడు.

పాలు పనికిరావని ఆయన అనలేదు, అది గమనించండి. ఈ ప్రయోగం వల్ల ఎంత మేలో చెప్పలేమన్నాడు, అంతే. బడి భోజనం గురించి ఎవరు ఏ అంకె చెప్పినా దాన్ని ఈ లానార్క్‌షైర్ రాయి మీద గీసి చూడటం మంచిది.

ఇక మన దేశానికి వద్దాం. మద్రాసు నగరపాలక సంస్థ 1920లోనే, త్యాగరాయ చెట్టి గారి హయాంలో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో మధ్యాహ్న ఫలహారం మొదలుపెట్టింది. 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. ఆ రాష్ట్రమంతటికీ దాన్ని విస్తరించారు. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ పథకం తెచ్చింది. అయితే చాలా రాష్ట్రాలు వంట జోలికి పోకుండా, 80 శాతం హాజరున్న పిల్లవాడికి నెలకు మూడు కిలోల ధాన్యం చొప్పున ఇంటికిచ్చి పంపాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి తెలంగాణ కలిసే ఉంది, వండిన భోజనం 2003 జనవరిలో మొదలైంది.

ధాన్యానికీ అన్నానికీ తేడా ఏమిటంటారా? బస్తాలోని మూడు కిలోలు ఇంటి కుండలో కలిసిపోతాయి. అవి ఎవరి కడుపులోకి వెళ్ళాయో చెప్పలేం. పైగా 80 శాతం హాజరు లేకపోతే ధాన్యం రాదంటే, ఎదురుగా నిలబడ్డ తల్లి ముఖం చూసి ఏ మాస్టారు 79 వేస్తాడు? ఇది స్కాట్లండు పంతులమ్మ మనసే. హాజరుపట్టీ నిండినంత మాత్రాన బడి నిండినట్టు కాదు.

వండిన భోజనం వచ్చాక చేరికలు పెరిగాయనడానికి ఆధారాలున్నాయి. 2003లో చత్తీస్‌గఢ్, కర్ణాటక, రాజస్థాన్‌లలో జరిగిన ఒక సర్వేలో ఒకటో తరగతి చేరికలు ఏడాదిలో సుమారు 15 శాతం పెరిగినట్టు తేలింది. ఇది నమ్మదగ్గదే. కాని ఆ సర్వేను ఉటంకించేవారు ఒక ప్రశ్న వదిలేస్తుంటారు. ఆ కొత్త పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారు? పొలం నుంచా, పక్కవీధి ప్రైవేటు బడి నుంచా, లేక అక్క చెయ్యి పట్టుకుని పళ్ళెం తెచ్చుకున్న నాలుగేళ్ళ తమ్ముడా? మూడూ జరుగుతాయి, మూడింటికీ అర్థాలు వేరు. చేరిక కంటె, చేరిన పిల్ల రోజూ వస్తున్నదా అన్నది గట్టి కొలమానం. మధ్యప్రదేశ్‌లో ఫర్జానా అఫ్రీదీ అనే ఆర్థికవేత్త చేసిన పరిశీలనలో ఒకటో తరగతి ఆడపిల్లల హాజరు బాగా పెరిగినట్టు కనిపించింది. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండిపోయేది ఆడపిల్లే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

నాకు ఈ మొత్తం సాహిత్యంలో నచ్చిన పని కూడా అఫ్రీదీదే. చాలాకాలంగా ఒక సందేహం ఉండేది: ‘బళ్ళో తిన్నావుగా’ అని ఇంట్లో రాత్రి ముద్ద తగ్గిస్తే, ప్రభుత్వం పెట్టిన అన్నం పిల్లవాడికి కాక ఇంటికి చేరినట్టే గదా? దీన్ని తేల్చడానికి ఆమె చింద్‌వాడా జిల్లాలో ఆయా పిల్లలు గడిచిన 24 గంటల్లో ఏమేం తిన్నారో అడిగి రాయించారు. కొందరి విషయంలో అది బడి ఉన్న రోజు, కొందరి విషయంలో బడి లేని రోజు. బళ్ళో అందిన పోషకాల్లో 49 నుంచి 100 శాతం దాకా పిల్లల రోజువారీ ఆహారానికి నికరంగా కలిశాయని తేలింది. ఇంట్లో ముద్ద తగ్గించడం జరిగినా అది స్వల్పమే. పిల్లల మాంసకృత్తుల లోటు పూర్తిగా, కేలరీల లోటు సుమారు 30 శాతం తీరింది. ఇనుము లోటు మాత్రం సుమారు పదోవంతే.

ఈ పనికీ హద్దులున్నాయి. జిల్లా ఒక్కటే. తల్లి జ్ఞాపకం త్రాసు కాదు. అయినా ప్రశ్న సూటిగా ఉంది, కొలత ప్రశ్నకు తగినట్టుంది. ఆ చివరి పదోవంతు మీద మన అధికారులు ఆలోచించవలసినంతగా ఆలోచించినట్టు నాకు కనిపించదు.

ఎందుకలా? మన భోజనం లెక్క చూడండి. 2006 తర్వాతి నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. దానికోసం 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరలు, 5 గ్రాముల నూనె. బియ్యంలో సుమారు 7 గ్రాములు, పప్పులో సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి గనుక కాగితం మీద లెక్క సరిపోతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే ఆమ్లాన్ని పప్పు భర్తీ చేస్తుంది. పప్పన్నం కనిపెట్టిన మన పెద్దలకు ఆ పేరు తెలియకపోయినా పని తెలుసు. ఇనుము దగ్గరే చిక్కు. గింజల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును పేగుల్లోకి పీల్చుకోనివ్వవు. పులుపు, ముఖ్యంగా విటమిన్ సి ఉన్న నిమ్మ, ఉసిరి లాంటివి దాన్ని కొంత విడిపిస్తాయి. కడుపులో కొంకిపురుగులుంటే వచ్చిన ఇనుమూ రక్తంతో పాటు పోతుంది. కాబట్టి ఇనుము మాత్ర, నులిపురుగుల మందు లేకుండా ఒక్క భోజనంతోనే రక్తహీనత పోవాలని ఆశించి, పోలేదని పథకాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

కోడిగుడ్డు సంగతి వేరు. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మేలురకం మాంసకృత్తులు, విటమిన్ ఎ, బి-12 ఉంటాయి. పై భోజనంలో మాంసకృత్తులకు ఇది సగానికి సగం చేర్పు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు గుడ్డు పెడుతున్నాయి. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం దాని మీద మతాచారాల పేర వాదాలు సాగుతుంటాయి. గుడ్డు తినని పిల్లలకు అరటిపండో మరొకటో ఇవ్వవచ్చు. తినే పిల్లలకు లేకుండా చేయడానికి పోషక శాస్త్రంలో కారణమేదీ లేదు.

ఇప్పుడు మన నేల మీద జరిగిన ఒక అధ్యయనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘యంగ్ లైవ్స్’ అనే పరిశోధన 2002 నుంచి సుమారు మూడువేల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించింది. ఆ సమాచారంతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన వ్యాసం నా దృష్టిలో చాలా విలువైనది. వాళ్ళు ‘భోజనం వల్ల సగటున ఎంత పెరిగారు?’ అన్న దగ్గర ఆగకుండా, కరువు దెబ్బ తిన్న ఇళ్ళ పిల్లల సంగతి వేరుగా చూశారు. పసితనంలో కరువు వల్ల ఎత్తులో, బరువులో వెనకబడ్డ పిల్లలు బడి భోజనంతో ఆ వెనకబాటును పూడ్చుకున్నారని తేలింది. కరువు తగలని పిల్లల్లో అంత మార్పు లేదు.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. రెండేళ్ళ లోపు కుంగిన ఎత్తు మళ్ళీ రాదు, బడి భోజనం ఆలస్యంగా వచ్చే సాయం అని పోషకాహార నిపుణులు చాలాకాలంగా అంటున్నారు. అది స్థూలంగా నిజమే. ఐదారేళ్ళ వయసులో కూడా తలుపు కొంత తెరిచే ఉంటుందని అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల పిల్లలు చూపించారు. అందరినీ కలిపి సగటు తీసి ఉంటే ఈ సంగతి ఆ సగటులో మునిగిపోయేది. భోజనం అవసరం లేని పిల్లవాడు దానివల్ల పెరగకపోవడం పథకం వైఫల్యమా?

చదువు మాట. కొన్ని రాష్ట్రాలు 2002లో, కొన్ని 2003లో, కొన్ని ఇంకా ఆలస్యంగా వండిపెట్టడం మొదలుపెట్టాయి. ఆ ఆలస్యాన్నే ప్రయోగంగా మలచుకుని తనికా చక్రవర్తి, రాజశ్రీ జయరామన్ 2019లో ఒక లెక్క తేల్చారు. ఏడాది లోపే భోజనం దొరికిన పిల్లల కంటె ఐదేళ్ళ దాకా దొరికిన పిల్లలకు చదవడంలో 18 శాతం, లెక్కల్లో 9 శాతం ఎక్కువ మార్కులు వచ్చాయి. ఒక్క ఏడాది భోజనంతో కనిపించని మార్పు ఐదేళ్ళకు కనిపిస్తున్నదన్నమాట. ఇక్కడ ప్రయోగశాల లేదు, చీటీలు తీయలేదు. అదే కాలంలో సర్వశిక్షా అభియాన్ కింద గదులూ పంతుళ్ళూ పెరిగారు. ఆ ప్రభావాన్ని వేరు చేయడానికి రచయితలు శ్రమపడ్డారు. అయినా ఆ 18 అనే అంకెను వేదిక మీద చదివేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి. చెప్పేవారిని నేనింకా చూడలేదు.

2021లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా దూరం పోయింది. చిన్నప్పుడు బడి భోజనం పూర్తిగా అందుబాటులో ఉన్న ఆడపిల్లలు తల్లులయ్యాక, వారి పిల్లల ఎత్తు అది అందని తల్లుల పిల్లల కంటె ప్రామాణిక విచలనంలో 0.4 వంతు ఎక్కువ ఉందని సుమన్ చక్రవర్తి, ఆయన సహచరులు చూపారు. ఐదేళ్ళ పిల్ల విషయంలో ఇది సుమారు రెండు సెంటీమీటర్లు. కారణాలు ఊహించదగ్గవే: బళ్ళో నాలుగేళ్ళు ఎక్కువున్న పిల్లకు పెళ్ళి ఆలస్యమవుతుంది, కాన్పు ఆలస్యమవుతుంది, ఆస్పత్రికి వెళ్ళే చొరవ వస్తుంది. ఇందులో జాగ్రత్త పడవలసినది ఒకటుంది. ఏ తల్లి ఏ రోజు ఏం తిన్నదో వాళ్ళకు తెలియదు. ఆ రాష్ట్రంలో, ఆ ఏళ్ళలో ఎంత మంది పిల్లలకు భోజనం అందేదో దాన్ని బట్టి అంచనా వేశారు. దీన్ని బలమైన సూచనగా తీసుకోవచ్చు. రుజువు అనేముందు మాత్రం లానార్క్‌షైర్ ఉన్నికోటును ఒకసారి గుర్తు చేసుకోండి.

ఏ త్రాసూ తూచనివి కొన్ని ఉన్నాయి. దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని తల్లిదండ్రులు అడ్డం తిరిగిన ఘటనలు అనేక రాష్ట్రాల్లో జరిగాయి. వంటపనిలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. ఒకే బంతిలో కూర్చుని తిన్న పిల్లవాడికి ఎంత మేలో గ్రాముల్లో చెప్పే సాధనం లేదు, అందువల్ల అది ఏ నివేదికలోనూ ఒక గడిగా కనిపించదు. 2004 జులై 16న కుంభకోణం బడిలో వంటశాల నుంచి లేచిన మంటలకు 94 మంది పిల్లలు, 2013లో సరిగ్గా అదే తేదీన బీహారులోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన నూనె వల్ల 23 మంది పిల్లలు చనిపోయారు. ఎంత మంచి సగటైనా ఈ రెండు తేదీలను కప్పిపుచ్చలేదు.

డబ్బు సంగతి మీరే లెక్క వేయండి. బియ్యం ఉచితంగా వస్తుంది. పప్పు, కూరలు, నూనె, పోపుసామాను, వంటచెరకు కలిపి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన ఖర్చు రోజుకు 6 రూపాయల 78 పైసలు. 20 గ్రాముల కందిపప్పు, 50 గ్రాముల కూరలు, 5 గ్రాముల నూనె మీ వీధి చివర దుకాణంలో ఎంతో కనుక్కుని తీసివేయండి. మిగిలిన చిల్లరతో పొయ్యి వెలగాలి. వంటమనిషికి నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం 2009లో నిర్ణయించినది. కొన్ని రాష్ట్రాలు తమ వాటా కలిపి పెంచాయి, కేంద్రం లెక్క మాత్రం కదలలేదు. పప్పుచారు నీళ్ళగా ఉందని ఫిర్యాదు చేసేముందు ఈ తీసివేత చేసి చూడాలి. నీళ్ళపప్పు తిన్న పిల్లల్ని తూచి, భోజనం వల్ల లాభం లేదని రాస్తే అది భోజనం మీద చేసిన పరిశోధన అవుతుందా?

చివరగా ఒక పాత సంగతి. 1907లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో రాల్ఫ్ క్రౌలీ అనే వైద్యుడు బళ్ళో భోజనం పెట్టిన పిల్లల్ని వరుసగా తూచాడు. భోజనం ఉన్న వారాల్లో గీత పైకి లేచింది. బడికి సెలవులిచ్చిన వారాల్లో కిందికి దిగింది. చిన్న ప్రయోగం, నలభై మంది పిల్లలు మాత్రమే. అయినా ప్రతి పిల్లవాణ్ణీ తనతో తనకే పోల్చడం వల్ల ఉన్నికోటు చిక్కు అందులో చాలావరకు లేదు. మన దేశంలో కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. మీ ఊరి బడికి ఒక త్రాసు సంపాదించండి. ఏప్రిల్ చివరి పని రోజున, ఉదయం భోజనానికి ముందు, జేబులు ఖాళీ చేయించి పిల్లల్ని తూచండి. జూన్‌లో బడి తెరిచిన రోజున అదే త్రాసు మీద, అదే వేళకు, మళ్ళీ తూచండి.